యు-180: ఓడిన ఇంజన్లు, గమ్యం చేరిన ప్రయాణికుడు

నేతాజీ సుభాష్ చంద్రబోస్ రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో జర్మనీ నుంచి జలాంతర్గామిలో బయలుదేరి తూర్పు ఆసియా చేరుకున్నారన్న సంగతి తెలుగు పాఠకులకు బడి రోజుల నుంచీ తెలిసిందే. ఆ జలాంతర్గామి పేరు యు-180 అని చెప్పి చాలా పుస్తకాలు ముందుకు సాగిపోతాయి. అది ఎలాంటి పడవ, దాన్నే ఎందుకు పంపారు, బోస్‌ను దించిన తర్వాత దానికి ఏమైంది అనే ప్రశ్నలకు మన దగ్గర జవాబులు అరుదు. ఆ పడవ సేవాచరిత్రను మొదటి నుంచీ చివరిదాకా చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆ ప్రయాణం మనం అనుకునేదానికన్నా చాలా ప్రమాదకరమైనది. జర్మన్ నౌకాదళం బోస్‌ను తన వద్ద ఉన్న మేటి పడవలో పంపలేదు. ఒక ప్రయోగాత్మక నమూనాలో, అదీ దాని మొట్టమొదటి యుద్ధయాత్రలో పంపింది. కొద్ది నెలల్లోనే ఆ నమూనా విఫలమైందని తేల్చి ఇంజన్లను ఊడదీశారు.

యు-180ను బ్రెమెన్ నగరంలోని ఏజీ వేసర్ కర్మాగారంలో నిర్మించారు. 1941 ఫిబ్రవరిలో పని మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో పడవను నీటిలోకి దించారు. 1942 మే 16న అది నౌకాదళంలో చేరింది. దాని వర్గం పేరు తొమ్మిది-డి-1. ఈ వర్గంలో తయారైనవి యు-180, యు-195 అనే రెండు పడవలు మాత్రమే. పొడవు 87.6 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. విశాఖపట్నం బీచ్‌లో ప్రదర్శనకు పెట్టిన ఐఎన్ఎస్ కుర్సురా లోపల నడిచినవారికి దీని కొలతలు సులువుగా అర్థమవుతాయి. కుర్సురా తర్వాతి తరానికి చెందిన సోవియట్ జలాంతర్గామి, పొడవు 91 మీటర్ల పైచిలుకు. యు-180 అంతకన్నా కాస్త చిన్నది. ఆ ఇరుకు గొట్టంలో, వారం కాదు పది రోజులు కాదు, పదకొండు వారాలు గడపడమంటే ఏమిటో కుర్సురా సందర్శకుడు ఊహించుకోగలడు.

ఆ కాలపు జలాంతర్గాములు ఎక్కువ సమయం నీటిపైనే తిరిగేవి. అవసరం పడినప్పుడు మునిగేవి. పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు పడవను నడుపుతూ బ్యాటరీలను నింపేవి. మునిగాక ఆ బ్యాటరీలతో విద్యుత్ మోటార్లు తిరిగేవి, కానీ వేగం బాగా తగ్గిపోయేది. కాబట్టి నీటిపై ఎంత వేగంగా పోగలదన్నదే పడవ బలానికి కొలమానం. వేగం ఉంటే వాణిజ్య ఓడల గుంపును దాటి ముందుకు వెళ్లి మాటు వేయవచ్చు, వెంటబడే శత్రునౌక నుంచి తప్పించుకోవచ్చు.

ఈ వేగం కోసమే తొమ్మిది-డి-1 రూపకర్తలు ఒక సాహసం చేశారు. జలాంతర్గాములకు మామూలుగా వాడే బరువైన, నెమ్మదిగా తిరిగే డీజిల్ ఇంజన్లను పక్కన పెట్టారు. తీరప్రాంతంలో దాడులు చేసే చిన్న టార్పెడో పడవల కోసం మెర్సిడెస్-బెంజ్ తయారు చేసిన ఇంజన్లను తెచ్చి, ఒక్కో పడవలో ఆరేసి అమర్చారు. ఒక్కొక్కటి 1,500 అశ్వశక్తి, మొత్తం 9,000. కాగితం మీద లెక్క అద్భుతంగా ఉంది. నీటిపై వేగం 20.8 నాట్లు, అంటే గంటకు 38 కిలోమీటర్లకు పైనే. సాధారణ తొమ్మిదో వర్గం పడవలు 18 నాట్ల దగ్గరే ఆగిపోయేవి.

లోపం ఆ ఇంజన్ల స్వభావంలోనే ఉంది. టార్పెడో పడవ రాత్రికి రాత్రి తీరం నుంచి దూసుకెళ్లి, దాడి చేసి, తెల్లవారేలోపు రేవుకు తిరిగి వస్తుంది. దాని ఇంజన్ కొద్ది గంటలు గట్టిగా పనిచేస్తే చాలు. పొద్దున్నే మెకానిక్కులు దాన్ని విప్పి చూసుకుంటారు. నెలల తరబడి, వేల మైళ్లు, బాగుచేసే కర్మాగారం అందుబాటులో లేని మహాసముద్రంలో నిరంతరం తిరగడానికి దాన్ని తయారు చేయలేదు. యు-180లో ఆ ఇంజన్లు విపరీతంగా వేడెక్కేవి. దట్టమైన పొగ వదిలేవి. దాక్కోవడమే ప్రాణాధారమైన పడవకు ఆకాశంలోకి లేచే పొగచార కన్నా పెద్ద శత్రువు ఉండదు. ఉష్ణమండల సముద్రాల్లోకి చేరేసరికి ఇంజన్ గదిలో పనిచేయడం నరకప్రాయమైంది.

ఇదే కుటుంబానికి చెందిన తొమ్మిది-డి-2 వర్గంలో నమ్మకమైన మామూలు డీజిల్ ఇంజన్లనే ఉంచారు. ఆ వర్గానికి చెందిన యు-181 తన సేవాకాలంలో 27 ఓడలను ముంచింది. యు-180 ముంచినవి రెండే రెండు. ఈ తేడా మొత్తాన్ని ఇంజన్ల మీదికి నెట్టడం న్యాయం కాదు. యు-180కి అప్పగించిన పని వేరు, దానికి దక్కిన యాత్రలు తక్కువ. అయినా ఒకే ఒడ్డూపొడవూ ఉన్న రెండు పడవల్లో ఒకటి పేరుమోసిన వేటగత్తె కావడం, మరొకటి సరుకుల పడవగా మారిపోవడం వెనుక ఇంజన్ల ఎంపికే ప్రధాన కారణం.

బోస్ 1941 ఏప్రిల్‌లో బెర్లిన్ చేరారు. అక్కడ ఫ్రీ ఇండియా సెంటర్ స్థాపించారు. ఉత్తరాఫ్రికాలో పట్టుబడిన భారతీయ యుద్ధఖైదీలతో ఒక సైనిక దళాన్ని ఏర్పాటు చేశారు. 1942 మేలో హిట్లర్‌ను కలిశాక జర్మనీ నుంచి భారత స్వాతంత్ర్యానికి పెద్దగా ఒరిగేదేమీ లేదని ఆయనకు అర్థమైంది. అప్పటికే జపాన్ సైన్యాలు సింగపూర్, బర్మా ఆక్రమించి భారత సరిహద్దుకు చేరువయ్యాయి. ఆయన అక్కడ ఉండాలి. వెళ్లే దారి ఏది? విమానంలో పంపే ఆలోచన సాగింది. 1942 వేసవిలో ఒక ఇటాలియన్ విమానం సోవియట్ గగనతలం మీదుగా ఎగిరి టోక్యో దాకా వెళ్లి వచ్చింది కూడా. కానీ సోవియట్ యూనియన్‌తో తటస్థతా ఒప్పందం ఉన్న జపాన్‌కు ఆ మార్గం రుచించలేదు. దిగ్బంధాన్ని ఛేదించుకుంటూ పోయే వాణిజ్య ఓడలో పంపడం మరీ ప్రమాదకరం. మిగిలింది జలాంతర్గామి. అది కూడా సగం దారి వరకే. మిగతా సగం జపాన్ బాధ్యత.

1943 ఫిబ్రవరి 9న, స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయి సరిగ్గా వారం గడిచాక, యు-180 కీల్ రేవు నుంచి కదిలింది. పడవ నాయకుడు వెర్నర్ మూసెన్‌బెర్గ్. బోస్ వెంట ఒకే ఒక్క సహచరుడికి అవకాశం దక్కింది. ఆయన హైదరాబాద్‌కు చెందిన ఆబిద్ హసన్. ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లి, చదువు వదిలేసి బోస్‌తో చేరిన యువకుడు. 'జై హింద్' నినాదాన్ని రూపొందించిన ఘనత ఆయనదే అని చెబుతారు. ఈ కథలో తెలుగు నేలతో ఉన్న నిజమైన బంధం ఇదే. ఆ పదకొండు వారాల గురించి భారతీయుల వైపు నుంచి మనకు తెలిసిన వివరాల్లో చాలా భాగం ఆబిద్ హసన్ తర్వాతి కాలంలో చెప్పినవే. ఆయన లేకపోతే ఈ యాత్ర జర్మన్ నౌకాదళ దస్తావేజుల్లో రెండు వాక్యాలుగా మిగిలిపోయేది.

ప్రయాణాన్ని అత్యంత రహస్యంగా ఉంచారు. తాను బెర్లిన్‌లోనే ఉన్నానని ప్రపంచం నమ్మేలా బోస్ ముందుగానే రేడియో ప్రసంగాలు రికార్డు చేసి ఇచ్చారు. భార్య ఎమిలీని, రెండు నెలలు దాటిన పసిబిడ్డ అనితను ఐరోపాలోనే వదిలి వచ్చారు.

పడవ డెన్మార్క్, నార్వే పక్క నుంచి ఉత్తరానికి వెళ్లి, బ్రిటన్‌ను పైనుంచి చుట్టి అట్లాంటిక్‌లోకి దిగింది. ఆ తర్వాత ఆఫ్రికా దక్షిణ కొస దాకా సుదీర్ఘ ప్రయాణం. పడవలో ప్రతి వస్తువుకూ డీజిల్ వాసన పట్టిందని, రొట్టె, దుప్పటి, గాలి అన్నీ అదే కంపు కొట్టేవని హసన్ జ్ఞాపకం. జర్మన్ నావికుల తిండి బోస్‌కు గొంతు దిగేది కాదు. పడవ సరుకుల్లో బియ్యం, పప్పు, గుడ్ల పొడి దొరికించుకుని హసన్ తనకు చేతనైనట్టు వండిపెట్టారు. బోస్ మాత్రం రోజువారీ పని ఆపలేదు. గతంలో తాను రాసిన 'ది ఇండియన్ స్ట్రగుల్' పుస్తకాన్ని కొత్త ముద్రణ కోసం సవరించారు. తూర్పు ఆసియాలో చేయబోయే ప్రసంగాలను హసన్‌కు చెప్పి రాయించారు. ఒక దాడి సమయంలో సిబ్బంది చేసిన పొరపాటు వల్ల, మునగాల్సిన పడవ పైకి తేలింది. శత్రునౌక నేరుగా ఢీకొట్టడానికి దూసుకొచ్చింది. అందరూ చావు తప్పదనుకున్న ఆ క్షణంలో, తాను రెండుసార్లు చెప్పినా ఎందుకు రాసుకోలేదని బోస్ తనను మందలించారని హసన్ చెప్పేవారు.

ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికా తీరానికి దూరంగా యు-180 తన తొలి ఓడను ముంచింది. అది కోర్బిస్ అనే బ్రిటిష్ చమురు ఓడ, 8,132 టన్నులది. దాని నావికుల్లో అత్యధికులు చనిపోయారు. మన కథనాలు ఈ ఘట్టాన్ని సాధారణంగా దాటవేస్తాయి. దాటవేయకూడదు. దేశ విముక్తి కోసం ప్రాణాలకు తెగించి బయలుదేరిన ఒక నాయకుడు ప్రయాణించిన వాహనం దారిలో మనుషులను చంపుతూ పోయింది. ఆ రెండు నిజాలూ ఒకే యాత్రలోవి. మరో కోణంలో చూస్తే ఆ దాడి సైనికంగా కూడా తెలివైన పని కాదు. అతి రహస్యమైన ప్రయాణికుణ్ణి మోసుకెళ్తున్న పడవ, కలవాల్సిన చోటుకు కొద్ది రోజుల దూరంలో ఉండగా, తన ఉనికిని శత్రువుకు చాటుకుంది. ఏమీ జరగకపోవడం అదృష్టం.

మడగాస్కర్‌కు ఆగ్నేయంగా, ముందే నిర్ణయించిన చోట, ఏప్రిల్ 26న జపాన్ జలాంతర్గామి ఐ-29 కనిపించింది. అది ఏప్రిల్ మొదట్లో పెనాంగ్ నుంచి బయలుదేరింది. సముద్రం అల్లకల్లోలంగా ఉండడంతో రెండు పడవలూ పక్కపక్కనే ప్రయాణిస్తూ అలలు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. యుద్ధకాలంలో రెండు జలాంతర్గాములు పట్టపగలు నీటిపై ఒకదాని పక్కన మరొకటి రెండు రోజులు గడపడం ఎంత తెగింపో చెప్పనక్కర్లేదు. ఒక్క బ్రిటిష్ విమానం కంటబడితే చాలు. చివరికి 28న రెండు పడవల మధ్య తాడు కట్టి, దాని ఆధారంగా చిన్న రబ్బరు తెప్పలో బోస్, హసన్ అలల మధ్య తడిసి ముద్దవుతూ ఐ-29కు చేరారు. మిత్రపక్షాలైన రెండు దేశాల జలాంతర్గాముల మధ్య, నడిసముద్రంలో, పౌర ప్రయాణికులు ఇలా మారడం ఆ యుద్ధంలో ఇదొక్కసారే జరిగిందని చరిత్రకారులు రాస్తారు. జపాన్ నావికులు పెనాంగ్‌లో కొని తెచ్చిన మసాలా దినుసులతో వేడివేడి కూర వండి పెట్టడం హసన్‌కు జీవితాంతం గుర్తుండిపోయింది.

మన కథ ఇక్కడితో ఐ-29 ఎక్కేస్తుంది. అది మే మొదటి వారంలో సుమత్రా ఉత్తరపు కొసన ఉన్న సబాంగ్ చేరింది. బోస్ అక్కడి నుంచి విమానంలో టోక్యో వెళ్లారు. జూలైలో సింగపూర్‌లో రాస్ బిహారీ బోస్ నుంచి ఉద్యమ పగ్గాలు అందుకున్నారు. అయితే ఆ మార్పిడి ఒకవైపే జరగలేదు. జర్మన్ల దృష్టిలో అది ప్రధానంగా సరుకుల, సాంకేతిక సమాచారపు మార్పిడి. ఐ-29 నుంచి యు-180లోకి ఇద్దరు జపాన్ నౌకాదళ అధికారులు, టార్పెడో నమూనాలు, బెర్లిన్‌లోని జపాన్ రాయబార కార్యాలయం కోసం దాదాపు రెండు టన్నుల బంగారం వచ్చాయి. ఆ ఇద్దరిలో ఒకరైన హిదేవో తొమొనాగా జలాంతర్గామి నిర్మాణంలో నిపుణుడు. రెండేళ్ల తర్వాత, 1945 మేలో, జపాన్‌కు యురేనియం ఆక్సైడ్ మోసుకెళ్తున్న యు-234 అనే జర్మన్ పడవ అమెరికన్లకు లొంగిపోవడానికి సిద్ధమైనప్పుడు ఆయన మరో జపాన్ అధికారితో కలిసి ఆ పడవలోనే ఆత్మహత్య చేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో జూన్ 3న యు-180 అట్లాంటిక్‌లో బోరిస్ అనే గ్రీకు ఓడను ముంచింది. 5,166 టన్నుల ఆ ఓడే దాని రెండో వేట, చివరిది కూడా. అప్పటికి అట్లాంటిక్ యుద్ధం పూర్తిగా తిరగబడింది. 1943 మే నెల ఒక్కదానిలోనే జర్మనీ 41 జలాంతర్గాములను కోల్పోయింది. నౌకాదళాధిపతి డోనిట్జ్ ఆ నెల 24న ఉత్తర అట్లాంటిక్ నుంచి తన పడవలను వెనక్కి రప్పించారు. దీర్ఘశ్రేణి విమానాలు, కొత్త రాడార్, సంకేతలిపిని ఛేదించిన మిత్రదేశాల గూఢచర్యం కలిసి నీటిపై తిరిగే జలాంతర్గామికి చోటు లేకుండా చేశాయి. ఫ్రాన్స్ తీరానికి చేరాలంటే బిస్కే అఖాతం దాటాలి. బ్రిటిష్ విమానాలు పగలూ రాత్రీ వేటాడిన ప్రాంతమది. పొగ కక్కే ఇంజన్లతో, రెండు టన్నుల బంగారంతో యు-180 జూలై మొదట్లో బోర్డో చేరగలగడం నిజంగా ఆశ్చర్యకరం. ఆ నెలలో జర్మనీ మరో 37 పడవలను పోగొట్టుకుంది.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే బోస్ ప్రయాణపు అసలు రూపం బయటపడుతుంది. ఆయన ఫిబ్రవరిలో బయలుదేరారు. బెర్లిన్‌లో నిర్ణయం మరో మూడు నాలుగు నెలలు నానితే, ఇదే పడవలో ఇదే ప్రయాణం వేసవిలో మొదలై ఉండేది. అప్పుడు బతికే అవకాశం ఎంతో తగ్గిపోయేది. ఆజాద్ హింద్ ప్రభుత్వ ఏర్పాటును, ఇంఫాల్ దండయాత్రను బోస్ సంకల్పబలానికి మాత్రమే ఆపాదించే రచనలు ఈ సంగతిని పట్టించుకోవు. సంకల్పం ఉంది, దానికి తోడు కాలం కూడా ఆ ఒక్కసారికి కలిసొచ్చింది.

బోర్డోలో యు-180 జాతకం మారిపోయింది. ఇంజన్ల సమస్యకు పరిష్కారం లేదని తేలింది. 1943 సెప్టెంబరు 30న దాన్ని సేవ నుంచి తప్పించారు. సింగపూర్‌లో బోస్ తాత్కాలిక ప్రభుత్వాన్ని ప్రకటించడానికి అప్పటికి మూడు వారాలు ఉంది. ఆరు మెర్సిడెస్ ఇంజన్లను తీసేసి, మామూలు డీజిల్ ఇంజన్లు రెండు బిగించారు. వేగం 20.8 నాట్ల నుంచి 15.8కి పడిపోయింది. టార్పెడో గొట్టాలు తొలగించి, దాదాపు 250 టన్నుల సరుకు పట్టే రవాణా పడవగా మార్చారు. జర్మనీకి తూర్పు ఆసియా నుంచి రబ్బరు, తగరం, టంగ్‌స్టన్, క్వినైన్ కావాలి. ఉపరితల ఓడలతో వాటిని తేవడం అసాధ్యమైంది. జలాంతర్గాములను సరుకు మోయడానికి వాడడం ఆ నిస్సహాయత ఫలితమే. 250 టన్నులంటే ఒక ఓ మోస్తరు వాణిజ్య ఓడ సామర్థ్యంలో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఒక పెద్ద పరిశ్రమల దేశం తన ముడిసరుకు అవసరాలను ఇలా తీర్చుకోవాలని చూడడం, యుద్ధం ఎటు పోతోందో చెప్పే గుర్తు.

జపాన్ వైపు పరిస్థితి కూడా ఇంతే. యుద్ధంలో జపాన్ ఐరోపాకు పంపిన అయిదు పెద్ద జలాంతర్గాముల్లో రానుపోను ప్రయాణం పూర్తి చేసింది ఐ-8 ఒక్కటే. బోస్‌ను ఎక్కించుకున్న ఐ-29 ఆ తర్వాత 1944 మార్చిలో ఫ్రాన్స్‌లోని లోరియాన్ చేరి, జర్మన్ జెట్ ఇంజన్ల సాంకేతిక సమాచారంతో తిరిగి బయలుదేరింది. సింగపూర్ వరకు క్షేమంగా వచ్చింది. అమెరికన్లు దాని సందేశాలను ఛేదించి దారి కాశారు. 1944 జూలై 26న ఫిలిప్పీన్స్ ఉత్తరాన ఉన్న జలసంధిలో యూఎస్ఎస్ సాఫిష్ అనే అమెరికన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది.

యు-180ను 1944 ఏప్రిల్‌లో మళ్లీ సేవలోకి తీసుకున్నారు. రెండు నెలలకే మిత్రదేశాల సైన్యాలు నార్మండీలో దిగాయి. ఆగస్టు నాటికి బోర్డో స్థావరం చేజారడం ఖాయమైంది. కదలగలిగిన ప్రతి పడవనూ అక్కడి నుంచి పంపేశారు. రోల్ఫ్ రీసెన్ నాయకత్వంలో యు-180 ఆగస్టు 20న తూర్పు ఆసియాకు బయలుదేరింది. దాని జంట యు-195, మరో రవాణా పడవ యు-219 కూడా అదే రోజుల్లో అదే గమ్యానికి వెళ్లాయి. ఆ రెండూ డిసెంబరులో బటావియా, అంటే నేటి జకార్తా, చేరాయి. జర్మనీ ఓడిపోయాక జపాన్ వాటిని స్వాధీనం చేసుకుని ఐ-506, ఐ-505 అని పేరు మార్చింది. యు-180 మాత్రం బిస్కే అఖాతం కూడా దాటలేదు. పడవలోని 56 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఎలా మునిగింది? యుద్ధం ముగిశాక తయారైన జాబితాలు ఆగస్టు 22న బోర్డోకు పశ్చిమాన మైను పేలి మునిగిందని రాశాయి. ఎక్కువ పుస్తకాలు, వాటిని చూసి రాసిన మన వ్యాసాలు నేటికీ అదే చెబుతాయి. తర్వాతి పరిశోధకులు రెండు పక్షాల దస్తావేజులనూ సరిపోల్చి ఆ నిర్ధారణకు తగిన ఆధారం లేదని తేల్చారు. ఆ నష్టాన్ని తమ ఖాతాలో వేసుకోదగిన దాడి ఏదీ మిత్రదేశాల రికార్డుల్లో కూడా దొరకలేదు. అందుకే ఇప్పుడు దాన్ని 'ఆగస్టు 23 నుంచి గల్లంతు' అనే వర్గంలో చేర్చారు. స్నోర్కెల్‌లో లోపం తలెత్తి ఉండవచ్చన్నది ఒక అంచనా. మునిగి ఉండగానే డీజిల్ ఇంజన్లకు గాలి అందించే ఆ గొట్టం అప్పటికి కొత్త పరికరం. దాని కవాటం సరిగా మూసుకోకపోతే నీళ్లు లోపలికి దూసుకొస్తాయి. పొగ వెనక్కి తన్నితే సిబ్బంది విషవాయువుతో స్పృహ కోల్పోతారు. బలవంతంగా ఖాళీ చేస్తున్న రేవు నుంచి హడావుడిగా బయలుదేరిన పడవకు దాన్ని పరీక్షించుకునే తీరిక ఎంత దొరికి ఉంటుందో ఊహించవచ్చు. మైను పేలుడని ఖాయంగా రాసే తెలుగు రచనల్లో ఈ వాక్యాన్ని సవరించుకోవాలి.